నాలుగు అంకెలు, ఒళ్లో సంచి

మొన్న ఉప్పల్‌లో మా ఇంటి ముందు కారు వచ్చి ఆగినప్పుడు ముందు దాని నంబరు చూశాను, తర్వాత డ్రైవరు మొహం చూశాను, ఫోన్‌లో వచ్చిన ఫొటోలో ఉన్న మీసం ఈ మొహం మీద లేదని గమనించి కూడా, గుండె రాయి చేసుకుని ఎక్కాను. మా ఇంట్లో నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీయండి. నాచారంలో మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు గోలీల పట్టీలు చూసే పని చేశాను, ఏ గడి ఖాళీగా ఉందో, ఏ గోలీ విరిగిందో పట్టుకోవడానికే జీతమిచ్చారు, కాబట్టి అనుమానం నాకు జబ్బు కాదు, ఉద్యోగం.

ప్రయాణం ఘట్‌కేసర్‌కు. మా అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచంలో ఉంది, మర్నాడు పొద్దున్నే కూతురు ఆమెను నిజామాబాద్ తీసుకుపోతుంది, ఆ తర్వాత అంత దూరం నేను పోలేను, ఆమె రాలేదు. బస్సు మెట్టెక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు, కారంటే రానూపోనూ అయ్యే డబ్బుతో నెల మందులు వచ్చేస్తాయి. అయినా తప్పదని మా అమ్మాయి ఆఫీసు నుంచే కారు మాట్లాడి, దాని నంబరు, డ్రైవరు ఫొటో, ఏవో నాలుగు అంకెలు పంపింది.

కూర్చోగానే డ్రైవరు ఓటీపీ చెప్పమన్నాడు. బ్యాంకువాళ్లూ టీవీవాళ్లూ మనబోటి వాళ్లందరికీ నూరిపోసింది ఒక్కటే కదా, ఓటీపీ అడిగేవాడు దొంగ అని. మీసం సంగతి మళ్లీ గుర్తొచ్చింది. అది చెప్పకపోతే బండి కదలదని అతను, చెబితే నా పింఛను ఊడ్చుకుపోతుందని నేను. అమ్మాయి ఫోన్ ఎత్తలేదు. చివరికి అతను విసిగిపోయి దిగమన్నాడు. దిగి, లోపలికొచ్చి, దొంగను పట్టుకున్నంత గర్వంగా అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

అక్క మెల్లగా, "పొద్దుగాల్నించి దర్వాజ దిక్కే సూస్తున్ననే. నాలుగు అంకెలు జెప్పనీకి నీకేం బోయింది?" అన్నది.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కా నేనూ ఒకే కంపెనీలో పనిచేసిన రోజుల్లో ఉప్పల్ నుంచి నాచారం పోయే బస్సులో నిలబడే చోటుండేది కాదు, ఎక్కగానే టిఫిను డబ్బా, సంచి కూర్చున్నవాళ్లలో ఎవరి ఒళ్లోనో పెట్టేసేవాళ్లం, వాళ్లూ అడగకుండానే చేతులు చాచేవారు. ఒకరోజు ఎనిమిది నెలల మా అమ్మాయిని నాచారంలో మా అమ్మ దగ్గర వదలడానికి తీసుకుపోతూ, ముందు సీట్లో ఉన్న ఒకామె చేతులు చాపితే ఇచ్చేశాను. జనం నన్ను వెనక్కి తోసేశారు. పిల్ల కనిపించలేదు, ఏడుపు వినిపించలేదు, నా ప్రాణం పోయినంత పనైంది. అక్క మాత్రం నవ్వి, "యాడికి బోతది, బస్సులనే ఉంటది గద," అన్నది. నాచారంలో దిగితే ఆమె పిల్లను భుజాన వేసుకుని కిందే నిలబడి ఉంది. తాను దిగాల్సింది రెండు స్టాపుల ముందటనట, మేమెక్కడ దిగుతామో తెలియక అందరూ దిగే చోటిదాకా కూర్చుందట. పిల్ల నిద్రపోతోంది, మెల్లగా తీసుకోమని చెప్పి, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఆ పిల్లే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, నన్ను రెండు మాటలని, ఇంకో కారు పిలిచింది. ఈసారి డ్రైవరు అడగకముందే అంకెలు చెప్పేశాను. అక్క కోసం చేసిన సర్వపిండి సంచిలో ఉంది. వెనక సీటులో నేనొక్కదాన్నే, పక్కన ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు. అయినా ఘట్‌కేసర్ వచ్చేదాకా ఆ సంచిని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను, ఒళ్లోంచి దించలేదు.