అరంగుళం దించిన భుజం

నీళ్ళు చల్లిన కొత్త గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసన ఇప్పటికీ నన్ను సత్యవతిగారి వసారాలోకి లాక్కుపోతుంది. రాజోలులో ఆవిడ మా పక్కింటావిడ, పెళ్ళి చేసుకోలేదు. పదో తరగతి తప్పి ఏడుస్తున్న నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, ఇవాళ నేను తింటున్న తిండికి దారి చూపించింది ఆవిడే. కుట్టు వంకరపోతే టేపుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవారు. ఏటా ఒక తెల్లచొక్కా మాత్రం నన్ను ముట్టనిచ్చేవారు కాదు. ఎడమ భుజం అరంగుళం దించి కుట్టి, మడతపెట్టి పెట్టెలో దాచేసేవారు.

"ఎవరిదండీ అత్తయ్యగారూ?" అన్నానొకసారి.

"బేరానిది కాదమ్మా. చెయ్యి కొలత మర్చిపోకుండా కుడతన్నాను."

నేను మళ్ళీ నా కుట్టులో పడ్డాను.

మా నాన్న పోయిన రోజున ఆవిడ ఆ చొక్కాల్లో ఒకటి పట్టుకొచ్చారు. స్నానం చేయించి తొడిగితే అచ్చు పోసినట్టు సరిపోయింది. కొబ్బరికాయల కావిడి మోసి మోసి నాన్న ఎడమ భుజం కిందికి జారిందని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఆ భుజం మీద చెయ్యివేసి చాలాసేపు కూర్చుంది.

"ఎన్నేళ్ళనించండీ?" అంది చివరికి.

"మీ పెళ్ళికి ముందునించేనమ్మా," అన్నారు సత్యవతిగారు.

"ఆయనకి తెలుసాండీ?"

"తెలీదమ్మా. గోడ ఇవతల నించి చూసిన కొలతే."

అమ్మ తిట్టలేదు. "ఇరవయ్యేళ్ళు కాపరం చేసేను. ఈ భుజం సంగతి నేను చూసుకోలేదండీ," అని మాత్రం అంది. ఆ దిగులే బతికినన్నాళ్ళూ అమ్మను తినేసింది. ఆ తర్వాత రెండిళ్ళ మధ్య మాటల్లేవు. సత్యవతిగారు మళ్ళీ మిషను తొక్కలేదు.

సత్యవతిగారి బతుకు నాకొద్దని ఒట్టు పెట్టుకున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులంటారే, నా సంగతీ అంతే అయింది. నా పెళ్ళికి ముందే కువైట్ వెళ్ళిపోయి, మళ్ళీ నా గడప తొక్కని ఒక మనిషికి ఏటా చొక్కా కుడుతూనే ఉన్నాను. మా ఆయన మంచివాడు. కళ్ళు మూసుకుంటే ఆయన భుజాలెలా ఉంటాయో గుర్తురాదు. నా మీద నాకే అసహ్యం వేస్తుంది, అయినా మానలేను.

నిన్న, నా దగ్గర పని నేర్చుకుంటున్న మా అమ్మాయి అడుగు సొరుగు తెరిచి ఒక చొక్కా బయటికి తీసింది.

"ఈ చేతులింత పొడుగేంటమ్మా? నాన్నవి కావుగా?"

"బేరానిది కాదమ్మా," నా నోటంట వచ్చేసింది. "చెయ్యి కొలత మర్చిపోకుండా కుడతన్నాను."

అది చొక్కాని మడత చెడకుండా మళ్ళీ సొరుగులో పెట్టేసింది. మరేమీ అడగలేదు. ఆ వయసులో నేనూ అంతకుమించి అడగలేదు.