గళ్ల చొక్కా తగువు

మొన్న ఆదివారం ఉదయం శొంఠి కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. శ్రీకాకుళంలో నవంబరు చలి పెద్ద చలేమీ కాదు కానీ, గ్లాసు వేడి అరచేతులకు హాయిగా తగులుతుంది. పక్కింటివాళ్ల టీవీలో అమెరికా వార్తలు వస్తున్నాయి. వచ్చే ఏడాది అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఎవరో ఇంగ్లిషులో ఉపన్యసిస్తున్నాడు. మొదట గబగబా నడిచిన ఆ గొంతు ఒకచోట మెల్లబడింది. మాటల చివర్లు బెల్లప్పాకం తీగలా సాగాయి. జనం ఈలలు వేశారు. నాకు తెర కనబడదు. అయినా ఆ మనిషి ఉత్తరాది నగరంవాడనీ, ఓట్ల కోసం దక్షిణాదికి దిగాడనీ, ఒంటి మీది కోటు ఎక్కడో విప్పేసి వచ్చాడనీ తెలిసిపోయినట్టు అనిపించింది. నవ్వు వచ్చింది.

"ఏటండీ, పొద్దుటే గ్లాసుని సూసి నవ్వుతన్నారు?" అంది మా ఆవిడ సరోజ.

"అమెరికాలో ఎవరో గళ్ల చొక్కా తొడిగాడు" అన్నాను.

"ఓలమ్మ! మీ గురువుగారుంటేనా, ఈపాటికి ఒచ్చీసి టీవీ ముందర కూకుండిపోయీవోరు."

ఆ గురువుగారి పేరు కోదండరామయ్య. నాకు పాఠం చెప్పిన గురువు కాదు, నా మొదటి ఉద్యోగంలో సూపరింటెండెంటు. తెనాలి నుంచి బదిలీ మీద ఈ జిల్లాకు వచ్చి, ఇక్కడే పదవీ విరమణ చేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. పొడవుగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. ఇస్త్రీ చేయని చొక్కా వేసుకోగా నేను చూడలేదు. నేను నరసన్నపేట దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి ఆయన కింద గుమాస్తాగా చేరాను. చేరిన కొత్తలో తనిఖీకి వచ్చిన ఒక పైఅధికారి ఏదో అడిగితే "సూసి సెప్తానండి" అన్నాను. ఆ అధికారి నా మాటనే నలుగురికీ వినబడేలా తిరిగి పలికి నవ్వాడు. గది అంతా నవ్వింది. ఆ తరువాత కొన్ని వారాలు నేను ఆఫీసులో తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు. ఒకరోజు కోదండరామయ్య గారు నేను రాసిన ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చి, "సింహాచలం, కాగితం మీద మాట ప్రభుత్వానిది, అది నేను దిద్దుతాను. నోట్లో మాట మీ అమ్మది. దాని జోలికి నేను రాను, నువ్వూ ఇంకెవరినీ రానివ్వకు" అన్నారు. ఆ సాయంత్రమే ఒక డైరీ కొనుక్కుని ఈ వాక్యంతో మొదలుపెట్టాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

అమెరికా రాజకీయాల మీద ఆయనకు అంత ఆసక్తి ఎలా కలిగిందో చాలా ఏళ్లకు గానీ చెప్పలేదు. ఈ ఊరు వచ్చిన కొత్తలో పలకరించేవారు లేక రేడియో కొనుక్కున్నారట. తెల్లవారుజామున అందులో దూరదేశపు వార్తలు పట్టేవి. అలా మొదలైంది. తరువాత పెళ్లయింది, రంగుల టీవీ వచ్చింది, భార్య కాలం చేసింది, చివరికి ల్యాప్‌టాప్ కూడా వచ్చింది. ఆ పిచ్చి మాత్రం ముదిరిందే గాని తగ్గలేదు. అక్కడ అధ్యక్ష పదవికి నిలబడేవాళ్లకు ఒక ఆనవాయితీ ఉందని ఆయన చెప్పేవారు. పెద్ద చదువులు చదివి, పెద్ద ఇళ్లలో పెరిగినవాళ్లు కూడా రైతుల రాష్ట్రానికి వెళ్లగానే గళ్ల చొక్కా తొడుక్కుని, జాతరలో పుల్లకు గుచ్చిన పలహారం కొరికి, గడ్డిమోపు మీద కూర్చుని ఫోటో దిగుతారు. దక్షిణానికి వెళితే మాట సాగదీస్తారు. ఇంకోచోట తోలు బూట్లు వేస్తారు. "వీడిది ఏ ఊరో చెప్పు చూద్దాం" అని నన్ను అడిగేవారు. నాకు ఇంగ్లిషు చెవికి అంతగా అందదు. ఆయనే చెప్పి, ఆయనే నవ్వేవారు. వేరే ఊరివాడు ఆ ఊరి వేషం వేస్తే దానికి మా ఇద్దరి మధ్యా పేరు గళ్ల చొక్కా.

అయితే నవ్వు ఆగిపోయే రోజులు కూడా ఉండేవి. ఒక నాయకుణ్ని నువ్వు అసలు ఈ దేశంలో పుట్టావా అని జనం అడుగుతున్నారని విన్న రోజున ఆయన టీవీ కట్టేశారు. "ఎన్నేళ్లున్నా ఈ ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుందయ్యా" అన్నారు. ఆ మాట అమెరికా గురించి కాదని నాకు అర్థమైంది. ఈ ఊరు ఆయనను అవమానించిందేమీ లేదు. అసలు బాధే అది. ఎవరింట్లో పెళ్లయినా ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేసేవారు. నన్నయితే "ఒరే సింహాచలం, ఆ బల్లటు జరుపు" అనేవారు. ఆయనకు ఎవరూ ఏ పనీ చెప్పేవారు కారు. అందరికీ ఆయన "సార్". బదిలీ ఉత్తర్వు ఎప్పుడో పాతబడిపోయినా ఆయన ఇంకా బదిలీ మీద వచ్చిన మనిషే.

2016 మొదట్లో, అమెరికాలో అభ్యర్థుల ఎంపిక జోరుగా సాగుతున్న రోజుల్లో, మా కాలనీ సంఘానికీ అధ్యక్షుడిని ఎన్నుకోవలసి వచ్చింది. అప్పటికి తెనాలి నుంచి ఆయన తమ్ముడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు, మేడ మీద గది ఖాళీగా ఉంది, ఒంటరిగా పరాయి ఊళ్లో ఎందుకు, వచ్చేయమని. కోదండరామయ్య గారు తేల్చుకోలేకపోయారు. చివరికి ఒకరోజు నడకలో నాతో అన్నారు: "ఈ ఎన్నికకు నిలబడతాను. పదవి కోసం కాదు. వీళ్లు నన్ను తమవాడు అనుకుంటున్నారో లేదో వీళ్లనే చెప్పమందాం. కాదంటే తెనాలి వెళ్లిపోతాను." ఆయన లేని ఊరు నా ఊహకు అందలేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయనతో ఒక మాట అనుకోకుండా నేను ఏ నిర్ణయమూ తీసుకున్నవాణ్ని కాదు.

పోటీకి దిగినవాడు తవిటినాయుడు. ఈ పక్క ఊళ్లోనే పుట్టి, ఉద్యోగమంతా హైదరాబాదులో చేసి, అంతకు రెండేళ్ల ముందు తిరిగి వచ్చినవాడు. వచ్చింది మొదలు పంచె కట్టు, భుజం మీద తువ్వాలు, నోరు విప్పితే చిక్కటి యాస. "మన ఊరి గళ్ల చొక్కా" అన్నారు కోదండరామయ్య గారు. నేను ఇంటికొచ్చి సరోజకు చెప్పి నవ్వించాను.

సమావేశానికి ముందురోజు నేను ఆయనకు ఒక సలహా ఇచ్చాను. "సార్, చివర్లో మా మాటలో రెండు ముక్కలు చెప్పండి. జనం ఊగిపోతారు." ఆయన ఒప్పుకోలేదు. "నీ మాట చూసి నవ్విన అధికారి గుర్తున్నాడా? అతను కూడా నీ మాటే పలికాడు, తప్పు లేకుండా. నా నోటికి రాని మాట నేను పలికితే అతనికీ నాకూ తేడా ఏముంది?" అన్నారు.

సమావేశం కాలనీ ఖాళీ స్థలంలో, షామియానా కింద జరిగింది. తవిటినాయుడు మైకు అందుకున్నాడు. "ఓలప్ప! నానేటి ఉపన్నేసాలు సెప్పీవోడ్ని కాను. ఈ నాగావళి నీలు తాగి పెరిగినోడ్ని. సోడంబలి తాగినోడ్ని. మన కట్టం మనోడికి కాకపోతే ఇంకెవుడికి తెలస్తాది? మన మాటే రానోడు మనకేటి సేస్తాడ్రా బావా?" ఈలలు మోగాయి. నా పక్కన సరోజ నా చెవిలో, "మా తాతైనా ఇంత సిక్కటి యాస మాటాడీవోడు కాడు" అంది.

తరువాత కోదండరామయ్య గారు లేచారు. "నేను తెనాలివాడిని. మీ మాట నాకు పలకదు. అర్థం మాత్రం అవుతుంది. తిట్టినా అర్థమవుతుంది, కాబట్టి జాగ్రత్త" అన్నారు. అందరూ నవ్వారు. "మురుగుకాలువ సంగతి, వీధి దీపాల సంగతి ఆఫీసులకు ఎలా రాయాలో నాకు తెలుసు. నాకు తెలిసింది అదే" అని కూర్చున్నారు. చప్పట్లు మర్యాదగా కొట్టారు. చేతులెత్తే వేళకు ఎక్కువ చేతులు తవిటినాయుడి వైపు లేచాయి. ఇంటికి నడుస్తూ ఆయన ఒక్క మాటే అన్నారు: "స్పష్టంగానే చెప్పారయ్యా."

మర్నాటి నుంచే పుస్తకాలు పెట్టెల్లోకి సర్దడం మొదలుపెట్టారు. సాయం చేయడానికి నేను వెళ్లాను. ఒక పెట్టె నిండుతుంటే గేటు ముందు స్కూటరు ఆగింది. తవిటినాయుడు లోపలికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నన్ను గళ్ల చొక్కా అన్నారట. నిజమేనా?" అని అడిగాడు, అచ్చం హైదరాబాదు ఆఫీసు తెలుగులో. ఆ పేరు మా ఇంటి నుంచే పొక్కిందని నాకు అప్పుడే తెలిసింది. సరోజ కూరల బండి దగ్గర నవ్వుతూ అనేసిందట.

"అన్నాను" అన్నారు కోదండరామయ్య గారు.

"అంటే నాది వేషం అనేగా?"

"మొన్న మీరు మాట్లాడినంత యాస ఈ కాలనీలో ఎవరూ మాట్లాడరు కదా, నాయుడు గారూ."

"హైదరాబాదులో మొదటి రోజు నేను 'ఏటి' అన్నాను సార్. మధ్యాహ్నానికి అదే నా పేరైపోయింది. ఇక నోరు కట్టేసుకున్నాను. ఉద్యోగమంతా అలాగే గడిచింది. తిరిగొచ్చాక మా అమ్మ దగ్గర కూర్చుంటే మాట రాలేదు. ఆవిడ నన్ను చూసి, 'ఏట్రా, పెద్దాపీసర్నాగ మాటాడతన్నావు, ఎవుల తాలూకా నువ్వు' అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు." గొంతు పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ మారిపోయింది. "నానేటి ఏసమేసినానా? పోయిన నా మాట నాను తెచ్చుకుంటన్నాను. కొంచెం ఎక్కువైపోతన్నాది. అయితే ఏటి? ఆకలేసినోడు నాలుగు ముద్దలు ఎక్కువ తింతాడు. అది సూసి నవ్వుతావేటి మాస్టారూ? పెద్దోడివి, సదువుకున్నోడివి, నీకు బుద్దుండక్కర్నేదా?"

ఆయనను "నువ్వు" అన్నవాణ్ని ఈ ఊళ్లో అంతవరకూ చూడలేదు. కోదండరామయ్య గారు మాత్రం ఏదో చల్లటి గాలి తగిలినట్టు నిలబడి ఉన్నారు. తరువాత కుర్చీ మీది పెట్టె తీసి కింద పెట్టారు.

"బుద్ధి లేదు నాయుడూ. కూర్చో" అన్నారు.

కూర్చున్నాక గానీ తవిటినాయుడు గది చూడలేదు. "ఈ పెట్టిలేటి?"

"తెనాలి వెళ్లిపోతున్నాను."

"ఎల్లిపోతన్నావా! బాగున్నాది! ఊరందరి సేతా నన్ను గళ్లసొక్కా అనిపించీసి, నువ్వు రైలెక్కీసి ఎల్పోతే, నానెవుడితోటి తగువాడాల?"

మొదట నవ్వింది ఎవరో నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం ఆయన నా ఎదుటే తమ్ముడికి ఫోను చేశారు. "రావడం లేదురా. ఇక్కడ నాకొక తగువు పడింది. తేలేదాకా కదలలేను." ఫోను పెట్టేసి నాతో అన్నారు: "సింహాచలం, పరాయివాడితో ఎవడూ ఇంటికొచ్చి తగువు పెట్టుకోడయ్యా." ఆయన ముఖంలో అంత తృప్తి ప్రమోషను ఉత్తర్వు వచ్చిన రోజున కూడా చూడలేదు.

ఆ తగువు తేలనే లేదు. మురుగుకాలువ గురించి ఆయన ఉత్తరాలు రాస్తే, తవిటినాయుడు వాటిని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, పని కాకపోతే వచ్చి ఉత్తరం బాగోలేదని పోట్లాడేవాడు. తన మనవరాలి ఓణీల వేడుకలో ముందు వరుస కుర్చీలోంచి ఆయనను లేపి చేతికి సాంబారు గరిటె ఇచ్చాడు. ఆయన చొక్కా మీద మరకలు పడ్డాయి. ఆ నవంబరులో అమెరికా ఫలితాలు మనకు ఉదయం పూట వస్తుంటే ముగ్గురం కలిసి చూశాం. ఏ అభ్యర్థి మాట సాగినా తవిటినాయుడు "పాపం, ఆడమ్మ ఊరదేనేమో, నీకేటి తెల్సు?" అని అడ్డుపడేవాడు. కోదండరామయ్య గారు తన పాత పరీక్ష మార్చుకున్నారు. "చొక్కా చూడొద్దు, యాసా చూడొద్దు. ఆ రాష్ట్రంలో అతన్ని పేరు పెట్టి తిట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. ఉంటే అది అతని ఊరే" అనేవారు. పరీక్ష ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు. ఆయనకు మాత్రం సరిపోయింది. రెండేళ్ల కిందట, పెద్దగా బాధపడకుండా, తన ఇంట్లోనే వెళ్లిపోయారు. తెనాలి నుంచి తమ్ముడు వచ్చేసరికి ఏర్పాట్లన్నీ తవిటినాయుడు చూసేశాడు. తమ్ముడు మొహమాటంగా ఏదో అడగబోతే, "నువ్వు కూకో బాబూ, మాకు తెల్సు" అన్నాడు.

నేను సహజంగా మర్యాదస్తుణ్ని. ఎవరితోనూ గొంతు పెంచిన మనిషిని కాను. అయినా ఆయన దగ్గర చివరగా నేర్చుకున్నది వదులుకోలేదు. ఆర్నెల్ల కిందట మా ఎదురింట్లోకి కడప నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి అద్దెకు వచ్చాడు. పెళ్లి కాని కుర్రాడు. వీధిలో అందరూ అతన్ని "సార్" అంటారు. అతను అందరికీ నమస్కారం పెట్టి తలుపు వేసుకుంటాడు. తన బైకు రోజూ మా గేటుకు అడ్డంగా పెడతాడు. ఇన్నాళ్లూ నేను పక్కకు ఒదిగి, మర్యాదగా, ఒక్క మాట అనకుండా వెళ్లేవాణ్ని. పోయిన వారం ఆలోచించుకుని వెళ్లి తలుపు కొట్టాను.

"ఏటయ్యా ఇది? మా గేటు నీకు కనబడతన్నాదా, నేదా?" అన్నాను.

అతను తెల్లబోయాడు. తరువాత ముఖం విప్పారింది. "ఏంది పెద్దాయనా, పొద్దున్నే కొట్లాటకొచ్చినావే! రా, లోపలికి రా" అన్నాడు. ఈ వీధిలో అతని సొంత మాట నేను వినడం అదే మొదటిసారి. టీ తాగి, వాళ్ల అమ్మ పంపిన కారప్పొడి రుచి చూసి వచ్చాను. బైకు మాత్రం ఇంకా మా గేటు ముందే పెడుతున్నాడు. రేపు మళ్లీ వెళ్లాలి.