వెనక నుంచి వచ్చే కెరటం

మా పక్క ఫ్లాట్ ఛాయాదేవితో డుమస్ బీచ్‌కి వెళ్ళడం శుద్ధ దండగ. మేమంతా వేడివేడి టొమాటో భజియాల మీద పడి ఉంటే, ఆవిడ ఒక్కతే సముద్రం వంక అనుమానంగా చూస్తూ కూర్చుంటుంది. ఊరు కాకినాడ, ఉద్యోగం ఇక్కడ హజీరాలో ఓడలు కట్టే కంపెనీలో. ఓడ ఎంతవరకు ఒరిగితే తిరిగి లేస్తుందో, ఎప్పుడు లేవదో లెక్కకట్టడం ఆవిడ పని. "ఇంత చదివింది ఇలా బెంగపడటానికా!" అని ఆటపట్టించేదాన్ని.

ఈ జులైలో నా నోరు మూతపడింది. ఆవిడ తమ్ముడు ఫణి పనిచేసే చిన్న సరుకు ఓడ కొచ్చి నుంచి ఇటు హజీరా రేవుకి బయల్దేరింది. ఛాయాదేవి వాళ్ళ కంపెనీ కట్టిందే. కదలని నీళ్ళకు వేసిన లెక్కల్లో అది పాసైంది. ఛాయాదేవికి మనసు ఒప్పక, వెనక నుంచి ఓరగా వచ్చే కెరటాలతో మళ్ళీ లెక్క వేసింది. కెరటం శిఖరం ఓడ నడుము కిందికి వచ్చినప్పుడు ముందూ వెనకా నీటి ఆసరా తగ్గిపోతుందట. ఓడను నిలబెట్టే బలం అప్పుడు దాదాపు ఉండదు. ఓడ కూడా వేగంగా పోతుంటే ఆ కెరటం త్వరగా దాటిపోదు, ఆలోగా ఒరిగితే ఇక లేవదు. పై అధికారికి చెబితే "రూల్స్ ప్రకారం బాగానే ఉందిగా" అన్నాడట. నాకు ఒళ్ళు మండింది.

రత్నగిరి దగ్గర సిగ్నల్ అంది ఫణి ఫోన్ చేసినప్పుడు నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను.

"ఎనకాల్నుంచి కెరటం అక్కా, హాయిగా తోసేత్తంది. పోటు నీళ్ళుండగానే రేవులోకి పోవాలని కెప్టెన్ గారు ఫుల్ స్పీడులో పోనిత్తన్నారు. లేపోతే రేవు బయటే పడుండాలి."

"ఆ హాయే నాకు భయంరా. స్పీడు తగ్గించమను."

"నవ్వుతారక్కా."

"ఫోన్ ఆయనకియ్యి."

కెప్టెన్‌కి హిందీలో లెక్కంతా వివరించింది. ఆయన వినలేదు. చివరికి ఏడ్చింది, అప్పుడు తగ్గించాడు. పోటు తప్పిపోయింది, ఓడ రేవు బయట లంగరేసుకుని మరో పోటు కోసం ఆగింది.

ఇంటికొచ్చిన ఫణి కంచం ముందు కూర్చుని నవ్వాడు. "ఏం కాలేదు కదక్కా! లేటయిందని ఓనరు కెప్టెన్ గారిని చెడతిట్టేడంట. ఇంకోసారి మీ అక్క మాట ఇననన్నారు."

ఏమీ కాకపోవడమే ఆవిడ తప్పయింది.

"మళ్ళీ ఎప్పుడ్రా?"

"ఎల్లుండే. వచ్చేటప్పుడు గాలి ఇంకా పెరుగుద్దంట."

ఛాయాదేవి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "అప్పుడు నేను ఫోన్ చేస్తే ఆయనకిస్తావా?"

"అక్కడ సిగ్నల్ అందదేమో అక్కా," అన్నాడు ఫణి, తల దించుకుని పప్పు కలుపుకుంటూ.