మావయ్యకి కనబడిన పాములు

ఆ రోజుల్లో మా బోయీల పరువంతా భుజం మీదే ఉండేది. పల్లకీ మోసి మోసి అక్కడ కాయ కాస్తేనే మనిషి కింద లెక్క. నాకు మీసం సరిగ్గా రాకముందే కాయ కాసింది. (మీసం తర్వాత కూడా సరిగ్గా రాలేదు, అది వేరే సంగతి.) అలాంటిది, ఆనకట్ట కాలవలు తవ్వించడానికి దొరలు మా ఊళ్ళ మీద పడ్డ ఆ ఏడు వానాకాలంలో చలిజ్వరం నన్ను మంచాన పడేసింది. అది పోతూ పోతూ ఒంట్లో కండతో పాటు భుజం మీద కాయని కూడా ఉల్లిపొరలా ఊడదీసుకుపోయింది. లేచి చూసుకుంటే పసిపిల్లాడి బుగ్గలాంటి భుజం.

మా ముఠాకి పెద్ద మా మేనమావ. పల్లకీ మోసే బొంగుని మేం కొమ్ము అంటాం. ముందు కొమ్ము ఆయనది, వెనక కొమ్ము నాది. నేను పడుకున్నన్నాళ్ళూ నా చోట మోసినవాణ్ణి మేం కొంగ అనేవాళ్ళం, వాడి మెడ అంత పొడుగు. ఆ చోటు తిరిగి ఇచ్చే ఉద్దేశం వాడికి ఉన్నట్టు కనబడలేదు. మావయ్య తేల్చి చెప్పేశాడు: "ముక్తేశ్వరం రేవు దాకా మోసేవా, నీ కొమ్ము నీదేరా. మధ్యలో తప్పుకున్నావా, కొంగ మోస్తాడు, నువ్వు కావిడి ఎత్తుకో."

ఆ ప్రయాణానికి నన్ను తయారుచేసే పని అమ్మమ్మ నెత్తినేసుకుంది. వేడి ఇసక మూటతో కాపడం, ఆముదంతో మర్దనా. "ముందు ఖాళీ బిందెల కావిడి మొయ్యరా. అలవాటయ్యేక సగం నీళ్ళు పోసుకో. భుజాలు చెవుల్లోకి లాక్కోకు, మెడ వదులుగా ఉంచు. నెప్పి రాకముందే భుజం మార్చుకో, వచ్చేక కాదు," అనేది. నేను "ఆయ్, అలాగే అమ్మమ్మా" అని, ఆవిడ అటు తిరగ్గానే బిందెలు నిండా ముంచేవాణ్ణి. అరుగుల మీద ఆడపిల్లలు చూస్తుంటే సగం బిందెలు ఎలా మొయ్యమంటారు?

ఆ రోజు పల్లకీ ఎక్కినాయన కొత్తపేట పంతులుగారు. కొడుక్కి సంబంధం ఖాయం చేసుకోడానికి రేవు దాటి వెళుతున్నారు. మంచి మనిషి, మంచి బరువు. ఊరు దాటామో లేదో కొమ్ము నా భుజంలోకి దిగబడింది. అమ్మమ్మ చెప్పిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది, భుజం చెవిలోకి వెళ్ళిపోయాక. పంతులుగారి సామాను కావిడిలో మోస్తూ కొంగ నా పక్కనే నడుస్తున్నాడు, నా మొహంలోకి తొంగి తొంగి చూస్తూ.

ఇంకో నాలుగడుగులు వేస్తే కూలబడతాననగా ముందునుంచి మావయ్య కేక పెట్టాడు. "ఆగండ్రోయ్! పాము!"

పల్లకీ దించాం. వెనకవాళ్ళకి పల్లకీ తప్ప దారి కనబడదు, ముందువాడు చెప్పిందే వేదం. పాము తీరిగ్గా దాటింది (అని మావయ్య చెప్పాడు). ఎత్తేటప్పుడు రెండో భుజానికి మార్చుకున్నాను. కాస్త దూరం పోయేసరికి మరో పాము. సగం దారి దాటాక ఇంకో పాము. పంతులుగారు పల్లకీ తెర పక్కకి లాగేశారు.

"శుభమా అని వెళుతుంటే మూడు పాములేమిట్రా! వద్దు, వెనక్కి తిప్పండి!"

వెనక్కంటే, ముందున్న రేవుకంటే ఎక్కువ దూరం మొయ్యాలి. పైగా రేవు చేరకపోతే నా చోటు కొంగది.

"చిత్తం అండి. తిప్పేస్తాం అండి," అన్నాడు మావయ్య వినయంగా. అంతలోనే గొంతు పెంచి, "అదుగోనండి, గరుడపక్షండి! దణ్ణం పెట్టుకోండి!" అన్నాడు. పంతులుగారు చేతులు జోడించి మెడ బయట పెట్టేసరికి, "కొబ్బరిచెట్ల మీంచి పోయిందండి" అన్నాడు.

"గరుత్మంతుడే ఎదురొస్తే పాములెంతరా! పదండి," అన్నారు పంతులుగారు.

ఆ తర్వాత దారిలో పాముల్లేవు, అన్నీ గరుడపక్షులే. పక్షి కనబడినప్పుడల్లా పల్లకీ దించడం, పంతులుగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోవడం, మేం భుజాలు మార్చుకోవడం. రేవు చేరేసరికి ఆయన మొహం పెళ్ళి అయిపోయినంత వెలిగిపోతోంది.

నాకు మాత్రం అసలు సంగతి దారిలోనే తెలిసిపోయింది. మావయ్య ముసలాడైపోయాడు! మొయ్యలేక, మొయ్యలేనని చెప్పుకోలేక, పాపం, పాముల్నీ పక్షుల్నీ అడ్డం పెట్టుకుంటున్నాడు. పంతులుగారు పడవెక్కగానే రొమ్ము విరుచుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మావయ్యా, నెప్పిగా ఉంటే నాతో చెప్పొచ్చు కదా. ఇంక ముందు కొమ్ము కూడా నేనే పట్టుకుంటాలే."

కొంగ ఏదో అనబోయాడు. మావయ్య వాడివైపు ఒక్క చూపు చూశాడు. వాడు అటు తిరిగిపోయాడు.

"ఆయ్, నిజమేరా అల్లుడూ. చంపేస్తంది నెప్పి. కాస్త నూనె రాద్దూ," అని ఇసకలో చతికిలబడ్డాడు.

నేను దయతలచి రుద్దడం మొదలుపెట్టాను. నా వేళ్ళ కింద ఆయన భుజం కొబ్బరిచిప్పలా ఉంది. వాపు లేదు, సలుపు లేదు. గట్టిగా నొక్కాను. ఆయన కిక్కురుమనలేదు సరికదా, గోదారి వైపు చూస్తూ హాయిగా తమలపాకు నములుతున్నాడు. రెండో భుజమూ అంతే. లాగేస్తున్నది నా భుజమే, చెయ్యి ఎత్తనివ్వకుండా. ఆ పాములు ఎవరికోసం వచ్చాయో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"ఏరా, ఆపేవేం?"

"తగ్గిందా మావయ్యా?" అన్నాను, మళ్ళీ రుద్దుతూ.

"తగ్గుతుందిలే. నీ చేతిలో మంచి వాటం ఉంది," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

ఇప్పుడు నా తలా నెరిసింది. మావయ్య వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ రేవులో నిలబడి ఆయన్ని ఓదార్చిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే ఆయన్ని ఒక్కసారి చూడాలనిపిస్తుంది.