మాయామాళవగౌళ మీద బేరం

మాది ఆమదాలవలసలో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. నాకు మాటలొచ్చింది ఇంట్లో కాదు, ఆ కొట్లో గల్లాపెట్టె పక్కన. అందుకే బేరమాడడం ఎవరూ పనిగట్టుకుని నేర్పనక్కర్లేకపోయింది. పదమూడేళ్లకే మా పిన్నులు, మేనత్తలు చీరలు కొనడానికి పోతూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. నేను చేసే ఘనకార్యం పెద్దగా ఏమీ లేదు. నచ్చిన చీర వంక చూడకుండా దాని పక్క చీర ధర అడగాలి. తర్వాత ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి కొట్టు మెట్లు దిగిపోవాలి. మూడో మెట్టు దాటేలోగా షావుకారు వెనక్కి పిలుస్తాడు. పిలవలేదంటే అతను నిజంగానే తగ్గించలేడని అర్థం. అప్పుడు పక్క కొట్టుకి పోవాలే తప్ప వెనక్కి తిరగకూడదు. మనంతట మనమే తిరిగి వెళ్తే ఇక అతను చెప్పిందే ధర.

నచ్చినట్టు మొహంలో కనపడనివ్వకపోవడం మా ఇంట్లో తెలివితేటలకి గుర్తు. అందులో నేను ఇంటిల్లిపాదినీ మించిపోయాను. నా పుట్టినరోజుకి తెచ్చిన గౌను చూసి కూడా "పర్లేదు" అన్నానని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

కొట్లో నాకు ఇంకో పని ఉండేది. బిందె కొనేవాళ్లకి పగులుందేమోనని అనుమానమొస్తే వేలి కణుపుతో కొట్టి వినిపించాలి. పగులుంటే చప్పుడు చచ్చిపోతుంది, లేకపోతే కాసేపు మోగుతుంది. నాన్నకి ఆ రెండు చప్పుళ్లే తెలుసు. నాకు మాత్రం ఒక్కో పాత్ర ఒక్కో ఎత్తులో మోగుతున్నట్టుండేది. పెద్ద బిందె ఒకటి, చిన్న చెంబు ఒకటి ఉండేవి. కొడితే రెండూ ఒకే మాటని తాతా మనవరాలూ కలిసి పలికినట్టుండేది. పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో అలమరలోని సామానంతా సైజుల ప్రకారం కాకుండా మోగే తీరు ప్రకారం సర్దేశాను. మర్నాడు నాన్నకి ఏది ఎక్కడుందో తెలియలేదు.

"ఏటే ఇది? రెండు లీటర్లది ఎల్లి అరలీటరు పక్కన కూకుందేటి?"

"రెండూ కలిసి మోగుతాయి నాన్నా."

"మోగితే మోగనీ. కొన్నోడు అందులో పాలు పోసుకుంటాడా, పాట పాడుకుంటాడా?"

ఆ వారంలోనే ఒకావిడ కొట్లోకి వచ్చారు. విజయనగరంలో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. శ్రీముఖలింగంలో దర్శనం చేసుకుని వస్తూ, రైలుకి ఇంకా టైముందని పూజగంట చూడడానికి ఆగారు. తల కాస్త పక్కకి తిప్పి, ఒక్కో గంటనీ కుడిచెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని మోగించారు. చివరికి రెండు గంటలు విడిగా తీసి, "ఇది స అనుకో, అది ప" అన్నారు. అంటే ఏమిటని అడిగాను. ఆవిడ మొదటి గంట మోగించి, దాని మీంచి గొంతుతో ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్లి రెండో గంట దగ్గర ఆగారు. ఆగిన చోట ఆవిడ గొంతేదో గంటేదో తెలియలేదు. నా ఒళ్లు జల్లుమంది. పెంపకం అలాంటిది కాబట్టి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "ఏది కట్టమంటారండీ?" అన్నాను.

ధర అడిగారు. బేరానికి చోటు ఉంచుకుని ఎక్కువే చెప్పాను. ఆవిడ అంతా తీసి చేతిలో పెట్టారు. బేరమాడని మనిషిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. మోసం చేసినదానిలా ముడుచుకుపోయాను. వెళ్లేముందు, విజయనగరం కాలేజీలో చేరితే శనివారం మధ్యాహ్నాలు తన ఇంటికి రమ్మన్నారు.

చేరాను. రైలు పాసు ఉంది, శనివారం ఒంటిపూట కాలేజీ. తిరుగు రైలు వచ్చేదాకా ఊరికే కూర్చునే బదులు వెళ్తానని ఇంట్లో చెప్పాను. వెళ్లాలని ఉందని చెప్పలేదు. ఆవిడ కోట దగ్గర ఒక సందులో తన చెల్లెలితో కలిసి ఉండేవారు.

చాప మీద కూర్చోబెట్టి మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టారు. సంగీతం ఎవరు నేర్చుకున్నా మొదట ఆ రాగమే, మొదట ఆ వరుసలే. చేత్తో తాళం వేస్తూ ఒకటో కాలం, దాని రెట్టింపు వేగంలో రెండో కాలం, దానికి రెట్టింపు మూడో కాలం. నెలలు గడిచినా అవే. నాకేమో రైల్లో ఫోను తెరిస్తే ప్రపంచం వేరేగా ఉండేది. డెబ్బైరెండు మేళకర్తల పట్టిక దొరికింది. ఏడు స్వరాల్లో ఏది ఏ రకమో మారుస్తూ పోతే డెబ్బైరెండు రాగాలు, ఒక్కటి కూడా మళ్లీ రాకుండా అర అరగా పేర్చి ఉన్నాయి. అంత పద్ధతైన గోడౌను నేను జన్మలో చూడలేదు. లెక్కల పుస్తకం వెనక అట్ట మీద ఆ పట్టికని పెన్నుతో గీసుకున్నాను. ఒకచోట మాత్రం అనుమానమొచ్చింది. స్వరాలు నిలబడే చోట్లు పన్నెండే, పేర్లు మాత్రం పదహారు. చతుశ్రుతి రిషభం అన్న చోటే శుద్ధ గాంధారం కూడానట. ఒకే బియ్యాన్ని రెండు సంచుల్లో పోసి రెండు పేర్లతో అమ్మేవాళ్లు మా బజార్లోనూ ఉన్నారు. నన్నెవరు మోసం చెయ్యగలరనుకుని టీచరుగారిని నిలదీశాను.

ఆవిడ చాలాసేపు నవ్వారు. తర్వాత ఆ చోటుని రిషభంగా పాడి వినిపించారు, మళ్లీ గాంధారంగా పాడారు. చోటు అదే. మొదటిసారి కింద ఉన్న షడ్జాన్ని పట్టుకుని లేచినట్టుంది, రెండోసారి పైన మధ్యమం వైపు చెయ్యి చాపినట్టుంది. "పుస్తకంలో ఒకటే అమ్మా. గొంతులో ఒకటి కాదు. ముందు గొంతు కుదరనీ" అన్నారు.

అక్కడితో బేరం మొదలుపెట్టాను. వారానికొక వరుస తప్పుల్లేకుండా పాడితే ఒక ప్రశ్న అడగొచ్చని ఒప్పించాను. తర్వాత ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిపి అడగడం మొదలుపెట్టాను. జంట వరుసలు సగం వదిలేస్తే బదులుగా కల్యాణి రాగం చెప్పమన్నాను. ఆవిడ వరుసల దగ్గర అంగుళం కూడా కదల్లేదు. పైగా వారానికి రెండుసార్లు రమ్మన్నారు, ఇంకా గట్టిగా సాధన చేయించారు. సరుకు ఎక్కువుండి చూపించని షావుకారులా కనిపించారు నాకు.

ఇంటరు రెండో సంవత్సరం సంక్రాంతి సెలవుల ముందు ఒక శనివారం, నాకు బాగా చేతనైన పని చేశాను. శ్రీకాకుళంలో ఒకావిడ ఉన్నారనీ, మూడు నెలల్లో వరుసలు దాటించి వర్ణాలు కూడా నేర్పేస్తారనీ, ఆవిడ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాననీ చెప్పాను. అలాంటావిడ ఎవరూ లేరు. ఉన్నట్టు చెప్పడం మా వీధిలో అబద్ధం కిందికి రాదు, బేరం కిందికి వస్తుంది.

"నిజంగా ఎల్తావా?" అన్నారు టీచరుగారు.

"ఆ, వెళ్తానండీ. ఇక్కడ ఇవే వరుసలు కదా" అన్నాను.

గడప దాటి చెప్పులు వేసుకోవడానికి నేను తీసుకున్నంత సమయం ఎవరూ తీసుకుని ఉండరు. ఒక కాలి చెప్పు పట్టీ పెట్టుకున్నాను, తీశాను, మళ్లీ పెట్టుకున్నాను. టీచరుగారు గుమ్మం దాకా వచ్చి, ట్రైను టైమైపోతోంది, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి తలుపు దగ్గరగా వేశారు. సందు చివరిదాకా మెల్లగా నడిచాను. ఎవరూ పిలవలేదు.

తర్వాతి శనివారం పిలుస్తారనుకున్నాను. ఆ తర్వాతి శనివారం అనుకున్నాను. నా నంబరు ఆవిడ దగ్గర ఉంది, ఆవిడది నా దగ్గర ఉంది. రైలు ఊరు దాటాక తలుపు దగ్గర నిలబడి, ఎవరికీ వినపడదు కదా అని వరుసలు పాడుకునేదాన్ని. ఫోను మాత్రం చెయ్యలేదు. నేనే చేస్తే ఇక ఎప్పటికీ ఆవిడ చెప్పిందే పాఠం అని భయం. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. ఆవిడ చెప్పిందే పాఠమైతే నాకు వచ్చే నష్టమేమిటో అప్పుడు ఒక్కసారైనా ఆలోచించుకున్నదాన్ని కాదు.

మార్చిలో ఆఖరి పరీక్ష రాసిన మధ్యాహ్నం వెళ్లాను. వాళ్ల చెల్లెలు తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి తిరిగి పెద్ద గొంతుతో ఎవరొచ్చిందీ చెప్పింది. ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ మాట్లాడగా అంతకుముందు వినలేదు. టీచరుగారు చాప మీద కాదు, కుర్చీలో ఉన్నారు.

ఎడమచెవి చాలా ఏళ్ల కిందటే పోయిందట. కుడిచెవి కూడా ఏడాదికి మించి నిలవదని నేను చేరిన కొత్తలోనే డాక్టరు చెప్పాడట. ఈ రెండు నెలల్లో అది మారిపోయింది. చప్పుడు బొత్తిగా వినపడకపోవడం కాదు, వంకరగా వినపడుతుంది. "స అని పాడితే స లాగ వినపడదమ్మా. పక్కకి జరిగిపోయి వస్తాది" అన్నారు. వినికిడి మిషను పెడితే ఆ వంకరే ఇంకా గట్టిగా వస్తుందట.

"మీరు నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. చెల్లెలు ఆ మాట చెవి దగ్గర మళ్లీ చెప్పింది.

"సెప్తే నువ్వు జాలిపడి వస్తావు గానీ పాట కోసం రావు కదా. సెవి ఉన్నన్నాళ్లూ నీ గొంతు శ్రుతిలో కూకోబెట్టేస్తే, పైది ఎవరైనా సెప్తారనుకున్నాను. అందుకే తొందరపడ్డాను. ఇంతలో నువ్వు ఏరే ఆవిడ దగ్గరికి ఎల్తానన్నావు. మంచిదే, సెవులున్నావిడ దగ్గరికే ఎల్తన్నాది గదా అనుకున్నాను."

నేను రెండు నెలలు ఎదురుచూసిన పిలుపు అలా పోయింది. ఆవిడ పంతం పట్టలేదు. నా మాట నమ్మారు.

అలాంటావిడ ఎవరూ లేరని చెప్పాను. వినపడలేదు. మళ్లీ చెప్పాను. చెల్లెలికి అర్థమైంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒలమ్మా, ఎవరూ నేరట అక్కా. ఈ గుంట నీకాడ బేరమాడింది" అంది.

"బేరమా, దేనికీ?" అన్నారు టీచరుగారు. వెటకారం లేదు, నిజంగా తెలియకే అడిగారు.

పాటంటే నాకు చాలా ఇష్టమని అప్పుడు చెప్పాను. గట్టిగా, సందులో వాళ్లకి కూడా వినపడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. అరిచేసరికి అది దెబ్బలాటలో అన్న మాటలా ఉంది. ఆవిడ తల ఊపారు, ఎంతవరకు విన్నారో తెలియదు. పాడమన్నారు. ఆవిడ చెయ్యి తాళం వేస్తుంటే మూడు కాలాలూ పాడాను. మధ్యలో ఒకచోట గొంతు వణికి శ్రుతి తప్పింది. నాకే తెలిసింది. ఆవిడ చెయ్యి ఆగలేదు. అయిపోయాక, "బాగుందమ్మా" అన్నారు. ఏడాదిన్నరలో నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

వచ్చేటప్పుడు శ్రీకాకుళంలో నిజంగా ఉన్న ఒక టీచరు నంబరు కాగితం మీద రాసిచ్చారు. తన పేరు చెబితే చేర్చుకుంటారన్నారు. ఈసారి నేనేమీ తగ్గించమనలేదు.

జూన్‌లో ఆ కొత్త టీచరు దగ్గర చేరాను. ఆవిడ పాడమంటే సరళీ వరుస మొదలుపెట్టాను. రెండు వరుసలయ్యాక ఆపించి, "పాట బాగానే ఉంది గానీ, ప్రతి వరుస తర్వాతా ఆగిపోతన్నావేటి? తాళం దాటిపోతన్నాది" అన్నారు.

ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఆ సందులో ఇంట్లో ప్రతి వరుస చివరా టీచరుగారు కొంచెం ఆగి, తప్పిన స్వరం ఒక్కటే తను పాడి, నాతో పాడించి, అప్పుడు తర్వాతి వరుసకి వెళ్లనిచ్చేవారు. నా గొంతు అక్కడ ఆగుతోంది. రెండు క్షణాలు ఎదురుచూస్తోంది. అలవాటు మానుకోమని కొత్త టీచరు చాలా నెలలు చెప్పారు. నేను మానుకోలేకపోయాను.