తాడు లాగింది నేనే

నా చిన్నప్పుడు మా పల్లెలోని లూథరన్ గుడి గంట మూడు సందర్భాల్లోనే మోగేది: ఆదివారం ఆరాధనకు, ఎవరైనా పోతే, ఇళ్ళు అంటుకుంటే. గంట కొట్టే పని మా తాతయ్యది. పిల్లలం తాడు ముట్టుకుంటే ఆయన చేతిలో చింతబరికె విరిగేది. నాకేమో కాలు ఒకచోట నిలిచేది కాదు, ఆ వారం మరీను. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న అమ్మను నాన్న గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి నాలుగు రోజులైంది. నాదాకా ఏ కబురూ రాలేదు. ఎవరిని అడిగినా "వస్తదిలేవే" అనేవాళ్ళు, నా మొహంకేసి చూడకుండా. ఆ చూడకపోవడమే నన్ను నిలవనివ్వలేదు.

ఐదో రోజు పల్లె అంతా మిరప కోతలకు వెళ్ళిపోయింది. నేను కాలుగాలిన పిల్లిలా ఇంటికీ రోడ్డుకీ తిరిగాను. ఆగిన ప్రతి బస్సు దగ్గరికీ పరుగెత్తాను. చివరికి గుళ్ళోకి వెళ్ళి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, తాడు పట్టుకుని వేలాడాను. గంట మోగింది. భయమేసింది గానీ ఆపలేదు, ఇంకా లాగాను.

చేలల్లోంచి జనం ఉరుకుల మీద వచ్చారు. నడుములకు కాయల ఒడులు అలాగే ఉన్నాయి. కొందరు ఇంటికప్పుల వైపు చూశారు. కొందరు పోయిందెవరో తెలియకుండానే కొంగు నోట్లో కుక్కుకున్నారు. తాడు ఇంకా నా చేతిలోనే ఉంది. అది చూసి మా ఎదురింటి పెద్దమ్మ గయ్యిమంది.

"ఒసేయ్, నీకేం పోయేకాలం వచ్చిందే! పని మధ్యలో వదిలేసి వచ్చాం, ఆసామి మళ్ళీ చేలో అడుగు పెట్టనిస్తాడా?"

అందరికన్నా వెనక తాతయ్య రొప్పుతూ వచ్చాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. ఆయన మాత్రం అందరినీ కూర్చోమన్నాడు. గంట మోగాక ప్రార్థన లేకుండా వెళ్ళే ఆనవాయితీ మనకు లేదన్నాడు. నా వైపు తిరిగి, "పిలిచింది నువ్వు. ఎందుకు పిలిచావో చెప్పు," అన్నాడు.

ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. "మా అమ్మ బతికుందో లేదో నాకెవరూ చెప్పట్లేదు," అన్నాను.

ముందుగా చాప మీద కూలబడింది పెద్దమ్మే. నన్ను ఒళ్ళోకి లాక్కుని, కాయలు కోసిన చేతులతోనే కళ్ళు తుడిచింది. ఆ మంటకు ఇంకా గట్టిగా ఏడ్చాను. అప్పుడు తాతయ్య, "నిన్ననే కబురొచ్చిందమ్మా. కడుపు కోశారంట. ఇంకా తెలివి రాలేదంట. ఏమవుద్దో నాక్కూడా తెలవదు," అన్నాడు. ఆ నిజం విన్నాకే నా కాళ్ళు కుదురుకున్నాయి. అందరం అమ్మ కోసం ప్రార్థన చేశాం.

ఆ సాయంత్రం తాతయ్య గంట సంగతి చెప్పాడు. ఆయన తండ్రి కాలంలో ఊళ్ళో ఆసాములు ఎవరు కేకేసినా మా పల్లెవాళ్ళు పరుగెత్తాల్సిందే. మేం పిలిస్తే వచ్చే దిక్కు మాత్రం ఉండేది కాదు. అందుకే మొదట బాప్తిస్మం తీసుకున్న ఏడు కుటుంబాలవాళ్ళు, గుడికి గోడలు లేవకముందే, వేపకొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడదీసుకున్నారట. అది మోగితే చేతిలో పని వదిలి రావాలి. మోగించినవాళ్ళు వచ్చినవాళ్ళకు నిజం చెప్పాలి. అదీ వాళ్ళ కట్టుబాటు. మిషను దొరగారు ఓడలో తెప్పించిన గంట చాలా ఏళ్ళ తర్వాతి మాట. ఇంతా చెప్పి, తాడు ముట్టుకున్నందుకు రెండు దెబ్బలు వేయడం మాత్రం ఆయన మరిచిపోలేదు.

మూడు వారాలకు అమ్మ ఇంటికొచ్చింది. పెద్దమ్మకు మాత్రం ఆ యేడు ఆ ఆసామి చేలో మళ్ళీ పని దొరకలేదు. ఆ మాట ఆవిడ బతికినంత కాలం నాతో అనలేదు.

ఇప్పుడు మా గుడికి స్లాబూ మైకూ వచ్చాయి. నా కాలు ఇప్పటికీ ఒకచోట నిలవదు. "మన బాధలు అందరికీ చెప్పుకోవడం ఎందుకమ్మా" అని పిల్లలు కసురుతారు. నేను వినను. నిరుడు నా గుండెకు ఆపరేషన్ అన్నప్పుడు, ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, భయంగా ఉందని అందరి ముందూ చెప్పాను. ఆరాధన అప్పటికే అయిపోయింది. చెప్పులకోసం లేచిన పెద్దమ్మ మనవరాలు మళ్ళీ కూర్చుంది. ఆమె వెనకే అందరూ కూర్చున్నారు.