స్వరూపక్క కారులో రెండు రోజులు

విజయవాడలో ఉదయం ఐదింటి బస్సు ఎక్కేటప్పుడే కండక్టరు చెప్పేశాడు: "ఎల్బీనగర్ దాకా వెళ్తే వెళ్తామండీ. దారిలో ఎవరైనా ఆపితే అక్కడే దిగాలి."

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. రేపు బంద్ ఉందో లేదో ఇవాళ తెలిసేది కాదు. ప్రయాణం వాయిదా వేద్దామంటే మా మేనేజరు ఒప్పుకోలేదు. నా సంచిలో మా కంపెనీ తయారుచేసిన, అరచేతిలో పట్టేంత పెట్టె ఉంది. కారు ముందద్దానికి అంటిస్తే, ముందున్న బండికి మరీ దగ్గరవగానే కూత పెడుతుంది. దాన్ని మామూలు మనుషుల చేత పరీక్ష చేయించాలి. పక్క సీట్లో కూర్చుని రాసుకోవడమే నా పని. పెట్టెను ముట్టుకోకూడదు.

సూర్యాపేటలో ఇడ్లీ తింటుంటే పక్క సీటు పెద్దాయన ఆ సంగతి విని నవ్వాడు. "బర్రెలు అడ్డమొస్తె గూడ ఒర్లుతదా?"

బర్రెలకు కూస్తుందో లేదో నాకూ తెలియదన్నాను.

పదకొండింటికి ఎల్బీనగర్‌లో దిగి, సిటీ బస్సులో చైతన్యపురి చేరాను. కోచింగ్ పిల్లల హాస్టల్లో మంచం దొరికింది. పరీక్షలు వాయిదా పడి సగం గదులు ఖాళీ. ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట: బంద్ రోజు హోటళ్లు తెరవరు, హాస్టల్లో భోజనం ముందే చెప్పుకోండి.

రెండింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో స్వరూపక్కను కలిశాను. పోచంపల్లి నేతవాళ్ల ఆడపడుచు, ఇక్కడ చీరల దుకాణం నడుపుతోంది. ఆర్నెల్ల క్రితం ఆమె కారు ఒక స్కూటరును గుద్దింది. ఆ మనిషి కాలు విరిగింది. అప్పటినుంచి ఆమె స్టీరింగు పట్టలేదు.

"మిషిన్ ఉంటది, పక్కన మనిషుంటడని ఒప్పుకున్న తమ్మీ. ఇప్పుడు నడపకపోతే ఇగ ఎన్నడు నడప," అంది.

పెట్టెను అద్దానికి అంటించి బయల్దేరాం. ఆటో దూరినా, బస్సు ఆగినా పెట్టె కూసింది. కూసినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. కొత్తపేట దాటలేకపోయాం. ఇవాల్టికి చాలని వెనక్కి తిప్పింది.

మర్నాడు పదింటికి మళ్లీ బయల్దేరాం. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. జెండాలు, నినాదాలు, కారు చుట్టూ జనం. పెట్టె ఆగకుండా కూస్తోంది. ఒకతను బానెట్ మీద చరిచి, "ఎటు పోతున్నరు? కనవడ్తలేదా?" అని అరిచాడు. బదులు చెప్పబోయి, నా యాస గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. స్వరూపక్కే అద్దం దించింది.

"మనోళ్లమే బిడ్డా. జర సందియ్యుండ్రి, ఎనక్కి మళ్లుత."

అతనే జనాన్ని పక్కకు జరిపి కారు తిప్పించాడు. కానీ ఆమె నుదుటి మీద చెమట ఆగలేదు. చూడలేక, చెయ్యి కిందికి పోనిచ్చి పెట్టెకు కరెంటిచ్చే తీగ పీకేశాను. కూత ఆగింది. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

సందుల్లోంచి నాగోలు రోడ్డెక్కాం. ఆమె ముఖం తేటపడింది. పోచంపల్లి కబుర్లు చెబుతూ వేగం పెంచింది. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది.

"అక్కా!" అని అరిచాను.

బ్రేకు పడింది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న ముసలమ్మకూ మాకూ మధ్య జానెడు దూరం. ఆమె కూరగాయల సంచిని గుండెకు అదుముకుని మమ్మల్నే చూస్తోంది.

"గిదెందుకు ఒర్లలే?" అంది స్వరూపక్క.

"నేనే ఆపేశానక్కా. మీరు భయపడుతున్నారని."

"భయపడనీ! సప్పుడు లేదంటె ముంగట అంత మంచిగనె ఉందనుకున్న. నాకు చెప్పకుంట ఎట్ల బంద్ చేస్తవ్?"

ఆమె కారు పక్కన ఆపింది. తీగ వైపు చూపించి, "పెట్టు," అంది. ఆ కూతల మధ్యే దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆమే నడిపింది.

సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. పెట్టె పలకలేదని రాస్తే సరిపోయేది. తీగ పీకింది నేనేనని రాసి పంపాను. రెండు రోజుల పరీక్షా దండగైందనీ, వేరే మనిషిని పంపుతాననీ మేనేజరు ఫోనులో కేకలేశాడు.

మూడోనాడు పొద్దున్నే స్వరూపక్క హాస్టల్ ముందు కారాపింది. పెట్టె నా సంచిలో ఉంది.

"మెషీన్ లేకుండానే నడుపుతారా?"

"ఎల్బీనగర్ దాకనే గద. నువ్వున్నవ్ గద, ఒర్లనీకి," అంది. అప్పుడు మాత్రం నవ్వింది.

విజయవాడ బస్సులో డ్రైవరు వెనక సీటే దొరికింది. అరిచే పెట్టెతో ఎలాగో వేగవచ్చు, చెప్పకుండా దాని నోరు మూసేవాడితోనే ప్రాణాల మీదికొస్తుందనుకున్నాను. నిద్ర పట్టలేదు, కళ్లు ముందు పోతున్న బండ్ల మీదే ఉన్నాయి. చౌటుప్పల్ దాటాక డ్రైవరు వెనక్కి చూడకుండానే అన్నాడు: "నా సీటు తన్నడం ఆపండి బాబూ. బ్రేకు ఇక్కడుంది."